తుఫాను షెల్టర్ మీద మ్యూయాన్ పెట్టె

రండి, ఇలా దగ్గరికి జరగండి. గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్లు కూడా లోపలికొచ్చి చాప చివర కూర్చోండి. నిలబడి విన్న కథని జనం నిలబడ్డ చోటే వదిలేసి పోతారని మా నాయన అనేవాడు. ప్రభువు నాకు పడవ ఇవ్వలేదు, పొలం ఇవ్వలేదు, గొంతు ఇచ్చాడు. ఆ గొంతుతో ఒక్క సంగతి చెప్తాను, చేతిలో టీ చల్లారిపోయినా తెలీకుండా వింటారు. నా పేరు పాల్. భావనపాడు పక్కన, సముద్రాన్ని ఆనుకుని ఉన్న మా పేటలో ఎవరినడిగినా నా గురించి చెప్తారు. కొంచెం నవ్వుతూ చెప్తారు. ఆ నవ్వు మీరు పట్టించుకోవద్దు.

మా అక్క కూతురు కృపారాణి విజయనగరంలో ఫిజిక్స్ చదివి, ఆ చదువు చాలక ఇప్పుడు పరిశోధన చేస్తోంది. ఎండలు ముదరక ముందే ఆ పిల్ల వ్యాన్‌లో ఒక పెట్టె తెచ్చి మా తుఫాను షెల్టర్ మేడ మీద పెట్టింది. మన ట్రంకుపెట్టెకి అన్నలా ఉంటుంది. చుట్టూ నల్ల గుడ్డ, పక్కన సోలార్ పలక, మూత మీద ఉండుండి వెలిగే ఎర్ర దీపం. ఆకాశం నుంచి మ్యూయాన్లనే కణాలు ఎప్పుడూ పడుతూనే ఉంటాయట, మన నెత్తి మీద, మన కంచంలో అన్నం మీద, తడపని వాన, చప్పుడు లేని వాన. వాటిలో కొన్ని ఆ పెట్టెలో పేర్చిన ఇనప పలకల్లో ఆగిపోతాయి. అలా ఆగినదాన్ని ఇనప పరమాణువు నడుమనున్న గింజ పట్టి మింగేసి, ఒక న్యూట్రాన్‌ని బయటికి ఉమ్మేస్తుంది. ఎన్ని మింగిందో, ఎన్ని ఉమ్మిందో పెట్టె లెక్కపెడుతుంది. అంతే దాని పని. వానాకాలం వెళ్లేదాకా దాన్ని కదపకుండా ఉంచితేనే కృపారాణి పరిశోధన ఒడ్డెక్కుతుంది. మధ్యలో దించితే అంతా పోయినట్టే, ఎందుకంటే ఆ పెట్టె ఆమెది కాదు, ఎవరినో బతిమాలి తెచ్చుకుంది, రెండోసారి ఇవ్వరు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ మా పేటకి లెక్కపెట్టడానికి వచ్చినవాడు ఎవడూ ఉట్టి చేతులతో పోలేదు. పడవలు లెక్కపెట్టినవాళ్లు వచ్చి వెళ్లాక ఏదో ఒకటి పోయింది, కొబ్బరిచెట్లు లెక్కపెట్టినవాళ్లు వచ్చి వెళ్లాక ఇంకోటి పోయింది. అందుకని పెట్టె వచ్చిన నాటి నుంచే జనం దాన్ని కింద నుంచి ఓరగా చూడటం మొదలెట్టారు. వలలో కవళ్ల చేపలు తగ్గితే పెట్టె వల్లే, మేక ఈనకపోతే పెట్టె వల్లే. మా అసిరమ్మ ఎండు చేపలమ్మే మనిషి. షెల్టర్ మేడ మీద ఆరబెట్టిన నెత్తళ్లు ఈ ఏడు రంగు మారిపోయాయని తనే టెక్కలి సంతలో నలుగురికీ చెప్పింది. చెప్పాక ఆమె నెత్తళ్లు ఎవరూ కొనలేదు. అదీ పెట్టె వల్లే అంది.

అందరికంటే ముందుండి అనుమానించింది జగన్నాధం బావ. రెండు పడవల ఆసామి, చుట్ట నోట్లో ఉంటే ఒక మాట, తీస్తే రెండు మాటలు. "ముందు పెట్టి వస్తాది. పెట్టి ఎనకాల సర్వే రాయి వస్తాది. రాయి ఎనకాల మనం తట్టాబుట్టా సర్దుకుని ఎల్లిపోవడమే" అని రోజూ చుట్ట తీసి మరీ చెప్పేవాడు.

చివరికి ఒక ఆదివారం, గుడి కూడిక అయ్యి భోజనాలయ్యాక, పెట్టె సంగతి తేల్చడానికి పేటంతా ఎలీసమ్మత్త అరుగు మీద చేరింది. రామాలయం వాళ్లూ వచ్చారు, మా బాప్టిస్టు గుడి వాళ్లూ వచ్చారు. పేటలో అందరికంటే పెద్దది ఎలీసమ్మత్త, షెల్టర్ తాళం ఆవిడ దగ్గరే ఉంటుంది. జగన్నాధం బావ వస్తూ వస్తూ లంగరు తాడు భుజానికి చుట్టుకుని వచ్చాడు. అడగడానికి వచ్చినవాడు తాడు తెచ్చుకోడు కదా. పెట్టెని మేడ మీద నుంచి దించి, పడవలో వేసుకుని, లోతున వదిలేసి రావాలని ఇంటి దగ్గరే అనుకుని వచ్చాడన్నమాట.

ముందు కృపారాణిని చెప్పమన్నారు. పిల్ల నిజం చెప్పింది, అక్కడే వచ్చింది చిక్కు. దీనివల్ల ఎవరికి లాభమని అడిగితే, తెలీదంది. చివరికి ఏం తేలుతుందని అడిగితే, తెలీదు, తెలిస్తే పెట్టె ఎందుకంది. మా పేటలో చదువుకున్న మనిషి నోట తెలీదన్న మాట అంతకు ముందు ఎవరూ వినలేదు. మాకు వచ్చిన ఆఫీసర్లందరికీ అన్నీ తెలుసు. అన్ని పుస్తకాలు చదివి తెలీదంటోందంటే ఏదో దాస్తోందని అరుగు ఆ చివర నుంచి ఈ చివరిదాకా ఒక గుసగుస పాకింది. పిల్ల మొహం చిన్నబోయింది.

అప్పుడు లేచాను నేను.

"ఈ పెట్టి సంగతి నాను సెప్తాను. ఇలాంటివి నా సేతుల మీదుగా పోయినాయి" అన్నాను.

మా మగవాళ్లలో సగం మంది ఏటా గుజరాత్‌లో వెరావల్ వెళ్లి అక్కడి పడవల మీద పనిచేసి వస్తారు, అందుకని ఎవడు ఏ ఏడు ఎక్కడున్నాడో మా పేటలో ఎవరికీ సరిగ్గా గుర్తుండదు. నన్నెవరూ ఆపలేదు. నేను కొన్నాళ్లు ఖలాసీ పని చేశానని, అంటే బరువులు జరిపే పని చేశానని, ఆ పని మీదే నన్నొక చలి దేశం తీసుకెళ్లారని మొదలెట్టాను. ఆ దేశం పేరు పలకడం నాకు రాదు, పలికినా మీకు తెలీదు, వదిలేద్దాం. అక్కడ కొండ కడుపులో ఒక పరిశోధనశాల ఉంది. అందులో న్యూట్రాన్లని వడివడిగా, తెడ్డు తగలని నీళ్లలా, ఒకే దారిలో తోసే యంత్రముంది. ఆ దారికి చుట్టూ గోడ కట్టాలంటే మేడంత కాంక్రీటు దిమ్మలు పేర్చాలి. ఒక దిమ్మ పక్కకి జరిగి సందు పడింది. క్రేను ఆ మూలకి పోదు. పెద్ద పెద్ద సైన్సు డాక్టర్లు తలలు పట్టుకుని కూర్చున్నారు. నేనేం చేశాను? ఒక్క క్షణం కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను, మనం ఇసక మీద పడవకి వేసినట్టు దిమ్మ కింద దుంగలు వేశాను, తాడు కట్టాను, ఐలేసా అన్నాను, ఆ తెల్లవాళ్ల చేత కూడా ఐలేసా అనిపించాను, దిమ్మ వచ్చి సందులో కూర్చుంది. ప్రభువుకి స్తోత్రం.

అరుగు మీద అందరూ స్తోత్రం అన్నారు. జగన్నాధం బావ కూడా, బరువు జరపడం మనోళ్లకి సేతనైన పనేలే అన్నట్టు తలూపాడు. అక్కడ ఆపి కూర్చుని ఉంటే ఈ కథే లేదు. కానీ అసిరమ్మ నన్ను ఆపనిచ్చిందా? ఆవిడ నా వైపు కాకుండా షెల్టర్ మేడ వైపు చూస్తూ అడిగింది.

"అంత రాయి ఎందుకు అడ్డం పెట్టినారు? లోపలేటుందని?"

చూశారా ఆ అడగడం. ఇప్పుడు న్యూట్రాన్ల గురించి చెప్పక తప్పదు. చెప్పాను. న్యూట్రాన్‌కి మంచీ చెడూ లేవు, ప్లస్సూ మైనస్సూ లేవు, అందుకని దాన్ని ఏదీ పట్టుకోలేదు. ఎంత సన్న కన్ను వల వేసినా దూరిపోయే చేప లాంటిది. సీసం పలకకి కొడితే గోడకి కొట్టిన బంతిలా తిరిగొస్తుంది గానీ వడి తగ్గదు. దాని వడి తగ్గాలంటే దాని ఎత్తు బరువున్నదే తగలాలి, నీళ్లో మైనమో. క్యారమ్స్ బోర్డు మీద ఒక బిళ్ల ఇంకో బిళ్లకి కొడితే కొట్టినది ఆగిపోతుంది చూడండి, అలా. ఇదంతా మా మేనకోడలు ఒకసారి నాకు చెప్పినదే, కానీ నేను చెప్తే ఇంకా బాగుంటుంది. చెప్తూ చెప్తూ, ఆ సందులోంచి న్యూట్రాన్లు నా గుండా కూడా పోయాయని, నాకు ఒక్క తుమ్ము వచ్చింది గానీ ఇంకేమీ కాలేదని కలిపాను. భయం పోగొడదామనే కలిపాను, దేవుడికి తెలుసు.

భయం పోలేదు. మేడంత రాయిలోంచి దూరేది నెత్తళ్లలోంచి దూరదా అని అసిరమ్మ పక్కావిడ చెవిలో అంది. పక్కావిడ చెవి కొంచెం దూరంగా ఉండటం వల్ల ఆ మాట అందరికీ వినిపించింది. దూరుతుంది కానీ ఆపడం నాకు తెలుసు అని నేను గొంతు పెంచాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక రోజు ఆ యంత్రం అదుపు తప్పింది. న్యూట్రాన్లు జడివానలా బయటికి వచ్చేస్తున్నాయి, డాక్టర్లు బల్లల కింద దూరుతున్నారు. నేను నా తువ్వాలు నీళ్లలో ముంచి, రెండు చేతులా విప్పి పట్టుకుని, ఆ దారికి అడ్డంగా నిలబడ్డాను. రొయ్యల వలలో పడ్డట్టు పడ్డాయి. తువ్వాలు బరువెక్కింది. చేతులు లాగేస్తున్నాయి. పిండితే చలి దేశంలో కూడా వేడి నీళ్లు వచ్చాయి. ప్రభువుకి స్తోత్రం.

ఈసారి స్తోత్రం అన్నవాళ్లు తగ్గారు. అన్నవాళ్లు కూడా నన్ను చూసి అనలేదు, పెట్టెని చూసి అన్నారు. జగన్నాధం బావ చుట్ట తీసి, మరి ఆ తువ్వాలేదిరా, ఇప్పుడున్నాదా అని అడిగాడు. వాళ్లు అద్దాల బీరువాలో పెట్టుకున్నారని చెప్పాను. ఏం చెప్పమంటారు మరి? ఆయన అడగడంలో నమ్మకం లేదు, కానీ నమ్మకం లేకపోవడం ఒకటే అయితే నేను భయపడను. నమ్మకం లేకపోయినా భయం మాత్రం ఉంది ఆయన కళ్లలో. నా తువ్వాలు అబద్ధం, న్యూట్రాన్ల జడి నిజం అనుకున్నాడు. వినేవాళ్లతో ఇదే చిక్కు, మనం రెండు చెప్తే వాళ్లకి కావలసినది ఒకటే తీసుకుంటారు.

కృపారాణి నా చొక్కా అంచు పట్టుకుని లాగింది. నేను చూసుకోలేదు. గాలి నా వెనక నుంచి వీస్తోంది, నా గొంతు సముద్రం దాకా పోతోంది, అలాంటప్పుడు ఎవరైనా కూర్చుంటారా?

అది న్యూట్రాన్ సంగతి, ఈ పెట్టెలోది మ్యూయాన్ అని అందుకున్నాను. మ్యూయాన్ పాపం అల్పాయుష్షు జీవి. మనం కన్నొకసారి ఆర్పేలోగా వాటికి లక్ష తరాలు పుట్టి పోతాయి. అంత తొందరగా పోయేదాన్ని పట్టుకుని ఒక చోట ఆపడం ఆ డాక్టర్ల వల్ల కాలేదు. నేను వెళ్లి, కొండకి లోతున ఆ యంత్రం ముందు మోకరించి, ప్రభువా దీని ఆయుష్షు పెంచు అన్నాను. బైబిల్లో హిజ్కియా రాజుకి పెంచిన దేవుడు మ్యూయాన్‌కి పెంచడా? ఒక మ్యూయాన్ వచ్చింది. ఆగమన్నాను, ఆగింది. కూర్చోమన్నాను, కూర్చుంది. దానికి ఏం తోచక పక్కనున్న థర్మామీటరులోకి దూరింది. అందులో పాదరసం ఉంటుంది కదా. పాదరసం గింజ మ్యూయాన్‌ని మింగితే ఒక మెట్టు కిందికి దిగుతుంది, ఆ కింది మెట్టు ఏమిటనుకున్నారు? బంగారం. ఇది పుస్తకంలో ఉన్న మాట, కావాలంటే కృపారాణిని అడగండి. పుస్తకంలో ఒక్క గింజ అని ఉంది, నా చేతిలో థర్మామీటరు మొత్తం పసుప్పచ్చగా అయిపోయింది. చూసినవాళ్లు చేతులెత్తి దండం పెట్టారు. స్తోత్రం.

ఎవరూ అనలేదు.

జగన్నాధం బావ నా లుంగీ వైపు చూశాడు. "అంత బంగారం సేసినోడివి, నీ లుంగీకి ఆ మాసికేటిరా?"

నవ్వారు. నవ్వడం మంచిదే అనుకున్నాను నేను కూడా, నవ్వు వచ్చిందంటే మనిషి మనవాడయ్యాడని. కానీ ఆ నవ్వు మధ్యలోనే తెగిపోయింది. అసిరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని లేచి నిలబడింది. అదీ సంగతి అంది. ఉట్టినే లెక్కపెట్టడానికి ఇంత దూరం ఎవరొస్తారు, ఆ పెట్టెలో బంగారం తయారవుతోంది, బంగారం తయారయ్యే చోట పేదోళ్లని ఉండనిస్తారా అంది. నిజమే కదా అన్నారు. ఒకరిద్దరు షెల్టర్ కింద నేలని కూడా కొత్తగా చూశారు, అక్కడేదో పాతిపెట్టి ఉన్నట్టు. కృపారాణి, అందులో పాదరసం లేదు, ఇనుమే ఉందని చెప్పబోయింది. నీకు తెలీదన్నావు కదమ్మా అన్నారు.

ఇక నేను వెనక్కి తిరగలేను. పడవని అలల్లోకి తోశాక మధ్యలో ఆపితే తిరగబడుతుంది, తోసుకుంటూ పోవాల్సిందే. ఆ యంత్రాలు బంగారం కోసం కావు, మనుషుల్ని కాపాడటం కోసమని చెప్పాను. ఎవరిని కాపాడింది అని అడిగారు. మిమ్మల్నే అన్నాను.

తిత్లీ తుఫాను మీకు గుర్తుందా? ఈ జిల్లాలో దాన్ని మర్చిపోయినవాడు ఎవడు, పలాస జీడితోటలు ఇప్పటికీ తేరుకోలేదు. తెల్లవారుజామున వచ్చి మన నెత్తి మీద పడింది. ఆ తెల్లవారుజామున నేనెక్కడున్నాను? చలి దేశంలో, కొండ కడుపులో, యంత్రం దగ్గర. నా జనం మీదికి తుఫాను పోతోందని టీవీలో చూపిస్తున్నారు. నేను ఆగలేదు. ఏ డాక్టరునీ అడగలేదు. యంత్రం మూతి పైకి తిప్పాను, కొండలోంచి, ఆకాశంలోంచి, సముద్రాల మీదుగా న్యూట్రాన్ల జడి తుఫాను కంటికి గురిపెట్టాను. తుఫానుకి కన్నుంటుంది కదా, ఆ కన్ను పొడిచాను. గుడ్డిదైపోయి కొంచెం పక్కకి తూలింది. లేకపోతే ఈ అరుగు ఉండేది కాదు, ఈ పేట ఉండేది కాదు, జగన్నాధం బావ చుట్ట ఉండేది కాదు.

చెప్పడం అయ్యింది. చెమట తుడుచుకున్నాను. ఎవరో ఒకరు చప్పట్లు కొడతారని చూశాను.

జగన్నాధం బావ చుట్ట తీశాడు. గట్టిగా అనలేదు, పక్క మనిషితో మాట్లాడినట్టే అన్నాడు.

"తుఫానుని తిప్పినాది తుఫానుని పిలవలేదేటి?"

అంతే. మాటల్లో అంత బరువైన మాట నేను ఇంకోటి వినలేదు. ఒక్కొక్కరే లేవడం మొదలెట్టారు. అరవలేదు, తిట్టలేదు. ఆడవాళ్లు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. జగన్నాధం బావ భుజం మీద నుంచి తాడు తీసి, ఎవరో ఇద్దరికి ఒక కొస అందించాడు. నేను ఏదో అనబోయాను. కృపారాణి నా ఎదురుగా వచ్చి నిలబడింది. ఏడవట్లేదు. ఏడిస్తే నాకు బాగుండేది.

"మావా, ఇంకేటీ సెప్పకు" అంది.

చలి దేశం లేదు, దిమ్మ లేదు, ఆ ఒక్క మాటకి నా కాళ్ల కింద ఇసక జారినట్టైంది.

తాడు పట్టుకున్నవాళ్లు మెట్టు దిగబోతుంటే వెనక నుంచి ఎలీసమ్మత్త పిలిచింది. అంతసేపూ ఆవిడ తాటాకు విసనకర్ర విసురుకుంటూ గోడకి ఆనుకుని ఉంది. ప్రార్థన చేసుకుని వెళ్లండర్రా అంది.

ఇక్కడ మా పేట పద్ధతొకటి చెప్పాలి. ఎలీసమ్మత్త అరుగు మీద మొదలైన మాట ఏదైనా ప్రార్థనతో ముగియాలి. పడవ పంపకమైనా అంతే, మొగుడూ పెళ్లాల తగువైనా అంతే. క్రైస్తవులైతే తల వంచుకుంటారు, మిగతావాళ్లు తలపాగా తీసి చేతులు కట్టుకుంటారు. ఆమేన్ అనేదాకా ఎవరూ కదలరు, మాట్లాడరు, కళ్లు తెరవరు. ఆవిడ ప్రార్థనంటే అక్కడ జరిగిందంతా దేవుడికి మళ్లీ మొదటి నుంచి చెప్పడమే. చెప్తూ చెప్తూ తీర్పు కూడా అందులోనే చెప్పేస్తుంది, దేవుడికి చెప్పిన తీర్పు కనక దాని మీద మాట్లాడేవాడు ఉండడు. జగన్నాధం బావ చుట్ట అరుగు అంచున నొక్కి ఆర్పాడు. తాడు కింద పెట్టాడు. అందరం కళ్లు మూసుకున్నాం.

"పరిశుద్ధుడవైన మా తండ్రీ, ఈ మధ్యానం మమ్మల్ని నీ పాద సన్నిధిలో కూడగట్టినావు, నీకు స్తోత్రం. నీ దాసుడు పాల్ నోట నీ గొప్ప కార్యాలు మాకు ఇనిపించినావు, స్తోత్రం. మేడంత రాయిని ఈ బక్క సేతులతో జరిపించినావు, స్తోత్రం. తడి తువ్వాలుతో అగ్గిలాంటి జడిని ఆపించినావు, స్తోత్రం."

నా గుండె ఉప్పొంగింది. చూశారా, ఎవరు నమ్మినా నమ్మకపోయినా ఎలీసమ్మత్త నమ్మింది, దేవుడి ముందు సాక్ష్యం ఇస్తోంది అనుకున్నాను.

"తిత్లీ నాడు తెల్లారగట్ట ఇతన్ని ఆ సలి దేశంలో నిలబెట్టి తుఫాను కన్ను పొడిపించినావు, స్తోత్రం. అదే తెల్లారగట్ట, తండ్రీ, ఇతన్నే ఈ షెల్టర్లో నా మంచం కింద కూడా పండబెట్టినావు. నీకు తెలుసు, నా కాలు ఇరిగి కట్టుతో ఉన్నాను. ఆడోళ్లూ పిల్లలూ బస్సులెక్కి టెక్కలి ఎల్లిపోనారు, మగోళ్లు సగం వెరావల్లో ఉన్నారు, సగం ఆ బస్సులెంట ఎల్లిపోనారు. మిగిలినాది నానూ, నా మంచం కింద ఇతడూ. తలుపు కొట్టుకున్నప్పుడల్లా నా కట్టు పట్టుకుని, అత్తా నన్ను ఒగ్గీకు, అత్తా నన్ను ఒగ్గీసి ఎల్లిపోకు అని ఏడిసినాడు. ఒక్క మనిషిని ఒక్క గడియలో రెండు దేశాల్లో ఉంచినావు. నీ శక్తి ముందర మేమెంతటోళ్లం తండ్రీ."

కళ్లు మూసుకుని ఉన్నాను కనక ఎవరి మొహమూ చూడలేదు. కానీ నా పక్కన జగన్నాధం బావ భుజం అదురుతుంటే నా భుజానికి తెలిసింది. ఊపిరి బిగబట్టాడు. ప్రార్థనలో నవ్వకూడదు కదా, ముక్కులోంచి పడవ ఇంజను మొదలెట్టినట్టు ఒక చప్పుడు వచ్చింది. దాని వెనకే అటు చివర ఒకటి, ఇటు చివర ఒకటి.

ఇప్పుడు వినండి, అసలు సంగతి ఇది. ప్రార్థన మరీ పొడుగైపోతే, సంఘంలో పెద్దవాడెవడైనా మధ్యలో గట్టిగా ఆమేన్ అనొచ్చు. ఒకరంటే అందరూ అనేస్తారు, ప్రార్థన అక్కడితో అయిపోతుంది. నేను సంఘ పెద్దని. ఆ హక్కు నాకుంది. ఆమేన్ నా గొంతు దాకా వచ్చింది, నాలుక మీదికి వచ్చింది. అనేసి, అత్తకి వయసు మీద పడి మతి తప్పింది, అది తిత్లీ కాదు, అంతకు ముందొచ్చిన ఇంకో తుఫాను అని చెప్పేస్తే చాలు. నేను చెప్తే నమ్ముతారు. నేను ఎలా చెప్తానో మీరు చూస్తున్నారు కదా.

ఒక్క కన్ను తెరిచాను. పాపమే, తెరిచాను. కృపారాణి కళ్లు గట్టిగా మూసుకుని, రెండు చేతులూ ఒకదాన్నొకటి నలుపుకుంటోంది. పరీక్ష ఫలితం చూసుకునే పిల్లలా ఉంది. అరుగు మీద వాళ్ల నుదుళ్ల మీద ఇందాకటి ముడతలు లేవు. నవ్వు ఆపుకునే మనిషి మొహంలో భయానికి చోటుండదని అప్పుడు చూశాను. నా మాట ఒక్కొక్కటీ అబద్ధమవుతున్నకొద్దీ ఆ పెట్టె ఒక్కొక్క అంగుళం చిన్నదవుతోంది.

కన్ను మూసేశాను.

"రాళ్లు జరిపినాడంటే జరిపినాడేమో తండ్రీ. నాకు తెలిసినంతలో అవి ఐసు ఫ్యాక్టరీలో ఐసు దిమ్మలు. ఇతడు ఇచ్ఛాపురం దాటి ఎల్లినట్టు నీకు తెలిస్తే నువ్వే మాకు బయలుపరచు. రాయి ఐసయితే, జడీ లేదు, బంగారమూ లేదు, తుఫానుని పిలిసేదీ లేదు. ఇంక మిగిలినాది మన కృపారాణి, ఆ గుంట సెప్పిన మాటే. ఆ గుంట తెలీదన్నాది. మనల్ని ముంచినోళ్లందరికీ అన్నీ తెలుసు, ఒక్కడూ తెలీదనలేదు. తెలీదన్న మనిషిని ఇన్నాళ్లకి మా పేటకి పంపినావు. ఆ పెట్టిని వానాకాలం ఎల్లేదాకా కాపాడు. ఈ తాడుని పడవకి మళ్లించు. పాల్ నోటికి కావలి పెట్టు. నీ కుమారుడి నామంలో అడుగుతన్నాం తండ్రీ, ఆమేన్."

ఆమేన్ అన్నారు. రామాలయం వాళ్లు కూడా అన్నారు. ఆ తర్వాత నవ్వారు చూడండి, షెల్టర్ మీద కాకులు లేచిపోయాయి. అసిరమ్మ కూర్చుని, కాళ్లు చాపుకుని, కళ్లు తుడుచుకుంటూ, మళ్లీ గుర్తొచ్చి మళ్లీ నవ్వింది. జగన్నాధం బావ తాడు చుట్టుకుని భుజాన వేసుకున్నాడు. అనుమానం మాత్రం ఆయనకి పూర్తిగా పోలేదు, అది ఆయన ఎముకల్లో ఉంది. ఉండనిస్తాను గానీ, వానాకాలం వెళ్లిన మర్నాడు నేనే వచ్చి దించుతాను, అప్పటిదాకా పొద్దుటా సాయంత్రం మేడెక్కి దాన్ని చూసి వస్తాను అన్నాడు. అన్నట్టే ఎక్కుతున్నాడు. మొన్న కృపారాణిని, ఈ వారం మీ ఇనుము ఎన్ని మింగినాదమ్మా అని అడగడం నేను విన్నాను. అడిగాక, నిజంగా అన్నేనా అని మళ్లీ అడిగాడు.

 ఆ రోజు వెళ్లేటప్పుడు, బస్సెక్కేముందు, కృపారాణి నా చొక్కా అంచు ఒకసారి పట్టుకుని వదిలేసింది.

సరే, మీ టీలు చల్లారిపోయాయి, చెప్పానా. దిమ్మ సంగతి మీరు మర్చిపోయినా నేనేమీ అనుకోను. తువ్వాలు నమ్మకపోతే మానేయండి. బంగారం సంగతి ఇంట్లో చెప్పకండి, నా లుంగీ సంగతి అడుగుతారు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, ఇంటికెళ్లి చెప్పండి, సంతలో చెప్పండి, నన్నెరగనివాళ్లకి కూడా చెప్పండి: ఎలీసమ్మత్త ప్రార్థన నడిచినంతసేపూ, ఆమేన్ నాలుక మీద ఉండి కూడా, పాల్ నోరు తెరవలేదు.